అప్‌లింక్ రిపిటీషన్ 4 పెట్టాను, గాల్లోకి ఒక్కటే వెళ్తోంది. ఎందుకు?

సెల్‌ఎడ్జ్:
పొద్దున్నుంచీ ఇదే పట్టుకుని కూర్చున్నాను, తల వేడెక్కిపోయింది. 5జీ సిమ్యులేషన్‌లో సెల్ అంచున ఉన్న ఫోన్లకి అప్‌లింక్ (ఫోన్ నుంచి టవర్‌కి వెళ్లేది) ఎర్రర్ రేటు తగ్గించాలని పీయూఎస్‌సీహెచ్ (అప్‌లింక్ డేటా ఛానెల్) అగ్రిగేషన్ ఫ్యాక్టర్, అంటే రిపిటీషన్ల సంఖ్య, 4 పెట్టాను. ఒకే గ్రాంట్ (పంపడానికి టవర్ ఇచ్చే అనుమతి) మీద ఒకే డేటా బ్లాక్ వరసగా నాలుగు స్లాట్లలో వెళ్లాలి కదా. లాగ్ చూస్తే ఒక్కసారే వెళ్తోంది, మిగతా మూడూ ఏమైపోతున్నాయో తెలియడం లేదు, ఎర్రర్ మెసేజ్ కూడా రావడం లేదు. 8 పెడితే రెండు వెళ్తున్నాయి. ఎనిమిదికి రెండు! కాన్ఫిగరేషన్‌లో విలువ సరిగ్గానే ఉంది, ఫోన్ దాన్ని తీసుకుంటోంది కూడా. షెడ్యూలర్ కోడ్ మొత్తం మళ్లీ చదివాను. రేపు మా గైడ్‌కి రిజల్ట్స్ చూపించాలి, ఒకటే టెన్షన్. ఎవరికైనా ఇలా అయ్యిందా?

స్లాట్‌లెక్క:
ఎఫ్‌డీడీనా (రెండు వైపులకీ వేర్వేరు ఫ్రీక్వెన్సీలు), టీడీడీనా (ఒకే ఫ్రీక్వెన్సీ, వంతులవారీగా)? స్పెక్‌లో ఏ రిలీజ్ (వెర్షన్)?

పాత_ఎల్‌టీఈ:
ఇది కొత్త సంగతేం కాదు తమ్ముడూ. ఎల్‌టీఈలో (4జీ) రిలీజ్ 8 నుంచే టీటీఐ బండ్లింగ్ ఉంది, వోల్టే కాల్ సెల్ అంచున తెగిపోకుండా నిలబెట్టింది అదే. మాటల ప్యాకెట్ 20 మిల్లీసెకండ్లకొకటి వస్తుంది, ఫోన్ దగ్గర ఉన్న పవర్ 23 డీబీఎం, ఒక్క మిల్లీసెకండులో ఆ ప్యాకెట్‌ని టవర్ దాకా చేర్చడానికి అది చాలదు. అందుకని నాలుగు సబ్‌ఫ్రేములు కట్టగట్టి, ఆర్‌వీ (అదే డేటాని కోడ్ చేసిన వెర్షన్ నంబర్) 0, 2, 3, 1 వరసలో పంపి, నాలుగింటికీ కలిపి ఒకే ఫీడ్‌బ్యాక్ తీసుకునేవాళ్లం. మామూలుగా 8 మిల్లీసెకండ్లుండే హార్క్ (తప్పు వస్తే మళ్లీ పంపించుకునే పద్ధతి) రౌండ్ ట్రిప్ బండ్లింగ్‌లో 16 అయ్యేది, అయినా కాల్ నిలబడేది. ఇప్పటి పిల్లలు నేరుగా 5జీలోకి దిగుతున్నారు, ముందు ఇది చదివితే సగం సందేహాలు తీరతాయి.

సెల్‌ఎడ్జ్:
సార్, బండ్లింగ్ గురించి చదివాను. నా సమస్య మూడు రిపిటీషన్లు మాయమవడం. ఆర్‌వీ దాకా ఇంకా రాలేదు.

నారోబ్యాండ్:
అసలు నాలుగుతో ఏమవుతుందండీ? నారోబ్యాండ్ ఐఓటీలో అప్‌లింక్ రిపిటీషన్ 128 దాకా వెళ్లొచ్చు. మేం అపార్ట్‌మెంట్ సెల్లార్లలో నీటి మీటర్లు పెట్టాం, కొన్ని మీటర్లకి అంత అవసరమే పడింది. రిపిటీషన్ రెట్టింపు చేసిన ప్రతిసారీ మహా అయితే 3 డీబీ లాభం, ట్రాన్స్‌మిటర్ మాత్రం రెట్టింపు సేపు ఆన్‌లో ఉంటుంది, అంటే పంపడానికయ్యే బ్యాటరీ ఖర్చు దాదాపు రెట్టింపు. పైగా 256 మిల్లీసెకండ్లు ఆపకుండా పంపాక, మళ్లీ సింక్ సరిచూసుకోవడానికి 40 మిల్లీసెకండ్ల గ్యాప్ ఇవ్వాలి. షెడ్యూలర్ రాసేవాళ్లు ఎప్పుడూ బేస్ స్టేషన్ వైపు నుంచే లెక్కలేస్తారు, బ్యాటరీ గురించి అడిగే నాథుడు లేడు. దయచేసి మీ రిజల్ట్స్‌లో ఒక్కో బిట్‌కి ఎంత ఎనర్జీ అయ్యిందో కూడా చూపించండి.

స్లాట్‌లెక్క:
ముందు టీడీడీ ప్యాటర్న్ చెప్పమనండి.

క్యూపీఎస్‌కే:
రీట్రాన్స్‌మిషన్ల మ్యాగ్జిమం లిమిట్ ఎక్కడైనా 1 అని ఉందేమో చూడండి.

పాత_ఎల్‌టీఈ:
రీట్రాన్స్‌మిషన్ వేరు, రిపిటీషన్ వేరు. మొదటిది టవర్ అడిగితే పంపేది, రెండోది అడగకుండానే ముందే పంపేది. రెండూ కలిపేస్తే అతను ఇంకా తికమక పడతాడు.

క్యూపీఎస్‌కే:
డేటా అదే, హార్క్ బఫర్ అదే, కలిపి డీకోడ్ చేసేదీ అదే. నాకైతే తేడా పేరులోనే కనిపిస్తోంది. 5జీలో ఎస్‌పీఎస్ (ప్రతిసారీ గ్రాంట్ లేకుండా ముందే కేటాయించే పద్ధతి) పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

పాత_ఎల్‌టీఈ:
5జీలో ఎస్‌పీఎస్ డౌన్‌లింక్‌కే. అప్‌లింక్‌కి ఉన్నది కాన్ఫిగర్డ్ గ్రాంట్.

క్యూపీఎస్‌కే:
సరే, అదే.

సెల్‌ఎడ్జ్:
టీడీడీనే, 3.5 గిగాహెర్ట్జ్ అంటే అంతే కదా. 30 కిలోహెర్ట్జ్ స్పేసింగ్, ప్యాటర్న్ డీడీడీఎస్‌యూ (డీ డౌన్‌లింక్, యూ అప్‌లింక్, ఎస్ రెండూ కలిసిన స్లాట్), ఎస్ స్లాట్‌లో డౌన్‌లింక్, గ్యాప్, అప్‌లింక్ సింబల్స్ (స్లాట్‌లోని చిన్న భాగాలు) 10:2:2. సిమ్యులేటర్ రిలీజ్ 15. దీనికీ దానికీ సంబంధం ఉందా?

స్లాట్‌లెక్క:
సంబంధమంతా అక్కడే ఉంది. మీ సిమ్యులేటర్ స్పెక్ ప్రకారమే నడుస్తోంది, కోడ్ జోలికి వెళ్లకండి.

రిలీజ్ 15లో 4 అంటే వరసగా వచ్చే నాలుగు స్లాట్లు, అవి అప్‌లింక్‌వి అయినా కాకపోయినా. నాలుగింటిలోనూ అవే సింబల్స్ వాడాలి. మొదటిది యూ స్లాట్‌లో పడింది, తర్వాతి మూడూ డీ. డౌన్‌లింక్ స్లాట్‌లో పడ్డదాన్ని ఫోన్ పంపదు, కానీ లెక్కలోంచి తీసెయ్యదు. అందుకే ఎర్రర్ లేదు. 8 పెడితే యూడీడీడీఎస్, మళ్లీ యూడీడీ. రెండు యూలు, అవే మీరు చూసిన రెండు. ఎస్‌లో అప్‌లింక్ సింబల్స్ రెండే కాబట్టి మీ 14 సింబల్స్ అందులో పట్టవు. ఆర్‌వీ కూడా వదిలేసిన స్లాట్లను కలుపుకునే ముందుకు జరుగుతుంది, మొదటిది 0 అయితే రెండో యూకి వచ్చేసరికి 2 ఉంటుంది, లాగ్‌లో చూసుకోండి.

రిలీజ్ 17లో దీన్ని సరిచేశారు. అవైలబుల్ స్లాట్ కౌంటింగ్ ఆన్ చేస్తే పనికొచ్చే స్లాట్లనే లెక్కపెడుతుంది, రిపిటీషన్లు 32 దాకా ఇవ్వొచ్చు. మీ ప్యాటర్న్‌లో యూ 2.5 మిల్లీసెకండ్లకి ఒకటే, కాబట్టి నాలుగు పూర్తవడానికి 8 మిల్లీసెకండ్లు పడుతుంది. రేపు కాన్ఫిగర్డ్ గ్రాంట్‌కి మారితే పీరియడ్ 5 పెట్టకండి, అందులో పట్టవు. 10 పెట్టండి.

సెల్‌ఎడ్జ్:
రిలీజ్ 17 లేకపోతే దారి లేదా? టైప్ బీ (స్లాట్ హద్దులు చూడకుండా వెంటవెంటనే పంపే రిపిటీషన్) వాడితే?

స్లాట్‌లెక్క:
టైప్ బీ దీనికి పనికిరాదు. అదీ వరసగానే పోతుంది, డీ సింబల్స్ మీద పడ్డది అక్కడా పోయినట్టే. ఒకే యూ స్లాట్‌లో చిన్న చిన్న ముక్కలుగా, ఆలస్యం లేకుండా పంపాలనుకునేవాళ్లకి అది మంచిది.

రిలీజ్ 15లోనే ఉండాలంటే అగ్రిగేషన్ తీసేసి బ్లైండ్ రీట్రాన్స్‌మిషన్ చెయ్యండి. యూ అయిపోగానే వచ్చే డీలో అదే హార్క్ ప్రాసెస్‌కి, ఎన్‌డీఐ (కొత్త డేటా అని చెప్పే బిట్) మార్చకుండా, ఇంకో గ్రాంట్ ఇవ్వండి, డీకోడ్ అయ్యిందా లేదా అని ఆగక్కర్లేదు. దీనికయ్యే ఖర్చు పీడీసీసీహెచ్, అంటే గ్రాంట్లు మోసే కంట్రోల్ ఛానెల్. సెల్ అంచు ఫోన్‌కి ఒక్కో డీసీఐ (గ్రాంట్ మెసేజ్) 8 లేదా 16 సీసీఈలు (ఆ ఛానెల్ ముక్కలు) తింటుంది, అలాంటి ఫోన్లు ఎక్కువైతే కంట్రోల్ ఛానెల్ నిండిపోయి మిగతావాళ్లకి గ్రాంట్లే అందవు. కాబట్టి అందరికీ పెట్టొద్దు. పవర్ హెడ్‌రూమ్ (ఇంకా పెంచుకోగల పవర్) అయిపోయినవాళ్లకి మాత్రమే ఇవ్వండి, అదీ తక్కువ పీఆర్‌బీలతో (ఫ్రీక్వెన్సీ ముక్కలు). అయిదు స్లాట్లకి ఒక్క యూ ఉన్న చోట దాన్ని వెడల్పుగా ఒకరికే రాసిచ్చేస్తే సెల్ మొత్తం ఆగుతుంది.

పాత_ఎల్‌టీఈ:
ఎల్‌టీఈ టీడీడీ బండ్లింగ్‌లో అప్‌లింక్ సబ్‌ఫ్రేములనే లెక్కపెట్టేవాళ్లం, కాన్ఫిగరేషన్ 0, 1, 6లో పనిచేసేది. అంత మంచి పద్ధతిని 5జీ మొదట్లో ఎందుకు వదిలేశారో నాకు ఇప్పటికీ బాధే.

నారోబ్యాండ్:
పీఆర్‌బీలు తగ్గిస్తే కోడ్ రేట్ పెరుగుతుంది (రక్షణ బిట్లు తగ్గుతాయి) కదండీ, అప్పుడు రిపిటీషన్ లాభం ఎంత మిగులుతుంది? ఎనర్జీ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

సెల్‌ఎడ్జ్:
ఎఫ్‌డీడీకి మార్చి చూశాను, నాలుగూ వస్తున్నాయి. రేపటికి బ్లైండ్ పద్ధతితో రన్ పెట్టేశాను. థాంక్స్ అన్నా.

క్యూపీఎస్‌కే:
డీడీడీఎస్‌యూ బదులు డీడీఎస్‌యూయూ పెడితే రిలీజ్ 15లోనే 2 పనిచేస్తుంది కదా? ఎవరైనా రన్ చేశారా?