చలికాలపు పనిరోజుల్లో వారమంతా రాత్రి వంట: ఆదివారం ఎంతవరకు చేసిపెట్టుకోవాలి?

ప్రశ్న

ఇంట్లో నలుగురం. ఈ రెండు నెలలు అందరికీ పని ఎక్కువ. ఇల్లు చేరేసరికి ఏడున్నర అవుతుంది, ఎనిమిదిన్నరకల్లా తినాలి. అంటే సోమవారం నుంచి శనివారం దాకా పొయ్యి దగ్గర అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం మూడు గంటలు దొరుకుతాయి. ఫ్రిజ్, దాని పైన చిన్న ఫ్రీజర్, ఐదు లీటర్ల కుక్కర్ ఉన్నాయి. మాంసాహారం వారానికి ఒకసారి చాలు.

ఆదివారం ఏవి పూర్తిగా వండాలి, ఏవి సగంలో ఆపాలి? ఫ్రీజర్లోంచి తీసిన గ్రేవీ నీళ్లు నీళ్లుగా ఎందుకవుతుంది? రాజ్మా రాత్రంతా నానినా ఈ చలిలో గట్టిగానే ఎందుకు ఉంటోంది? వండిన గిన్నెను రాత్రి గట్టు మీదే ఉంచితే, ఎలాగూ చలిగానే ఉంది కదా, పర్వాలేదా?

జవాబు 1

వారానికి సరిపడా కూరలన్నీ ముందే వండి డబ్బాల్లో పెట్టకండి. గురువారం వచ్చేసరికి అన్నిటికీ ఒకే వాసన వస్తుంది, ఎవరూ ముట్టరు. రాత్రిపూట టైమంతా తినేసేవి మూడే పనులు: ఉల్లి, టమాటా వేగడం, గింజలు ఉడకడం, కూరగాయలు కడిగి తరగడం. ఆదివారం ఈ మూడూ తెమిల్చి, కూరను మాత్రం ఏ రోజుకారోజు పూర్తిచేయండి.

ముందుగా మసాలా ముద్ద. నలుగురికి నాలుగు పూటలకు కిలో ఉల్లి, కిలో పండు టమాటా, 60 గ్రాముల అల్లం వెల్లుల్లి ముద్ద, 120 మిల్లీలీటర్ల నూనె. వెడల్పాటి మూకుడు కావాలి. లోతు గిన్నెలో ఉల్లి వేగదు, తన నీళ్లలో తానే ఉడుకుతుంది. సన్నగా తరిగిన ఉల్లిని మధ్యస్థంగా మంట పెట్టి 20 నుంచి 25 నిమిషాలు వేయించండి. అంచులు గోధుమ రంగుకు తిరిగాక అల్లం వెల్లుల్లి వేసి పచ్చివాసన పోయేదాకా రెండు నిమిషాలు తిప్పండి. తర్వాత టమాటా, పసుపు వేసి మరో 20 నిమిషాలు. నూనె అంచుల్లోంచి విడివడాలి. గరిటతో మధ్యలో గీత గీస్తే ఆ గీత వెంటనే పూడిపోకూడదు. అంతదాకా దించకండి. మీ గ్రేవీ నీళ్లు కక్కడానికి ఒక కారణం ఇదే. ముద్దలో మిగిలిపోయిన టమాటా నీళ్లు గడ్డకట్టి, కరిగేటప్పుడు విడిగా బయటికొస్తాయి.

మొత్తం కిలోకి కాస్త అటూ ఇటూగా వస్తుంది. నాలుగు సమభాగాలు చేయండి. కారం, ధనియాల పొడి, గరం మసాలా ఇప్పుడే వేయవద్దు. ఏ రాత్రికారాత్రి వేసుకుంటేనే నాలుగు కూరలకూ నాలుగు రుచులు వస్తాయి. రెండు భాగాలు ఫ్రిజ్‌లో, రెండు ఫ్రీజర్‌లో.

వారం వరసను ఏది ముందు పాడవుతుందో దాన్నిబట్టి వేసుకోండి.

సోమవారం ఆకుకూర పప్పు. పాలకూరను ఆదివారం కడగకండి, తడి ఉంటే రెండు రోజుల్లో జిగటవుతుంది. పొడి బట్టలో చుట్టి పెట్టి, వండే ముందే కడగండి. 200 గ్రాముల కందిపప్పు, 300 గ్రాముల ఆకు.

మంగళవారం చికెన్. పచ్చి చికెన్ ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులకు మించి ఉండకూడదు కాబట్టి దీన్ని వెనక్కి జరపడానికి లేదు. ఎముకలు లేని ముక్కలు 600 గ్రాములకు ఉప్పు 6 గ్రాములు పట్టించి సోమవారం రాత్రే పెట్టండి. ఉప్పు లోపలిదాకా దిగుతుంది, ముక్క ఎండిపోదు. ఒక భాగం ముద్దతో 15 నిమిషాల్లో అయిపోతుంది.

బుధవారం రాజ్మా, రెండో భాగం ముద్దతో. గురువారం కాలీఫ్లవర్, బఠాణీ, ఫ్రీజర్లోని ముద్దతో. శుక్రవారం కోడిగుడ్లు, మిగిలిన భాగంతో. గుడ్లు అప్పటికప్పుడు ఉడకబెట్టండి, పది నిమిషాల పని.

శనివారానికి నిలవుండే కూరగాయలు మిగలాలి. క్యారెట్ 300 గ్రాములు, క్యాబేజీ 200, ఎర్ర కందిపప్పు 150, నీళ్లు లీటరుంపావు వేసి 20 నిమిషాలు ఉడికిస్తే చిక్కటి సూప్. మిక్సీలో వేస్తే జారు సగానికి మించి నింపకండి. వేడి ఆవిరి మూతను ఎగరగొడుతుంది, చేతులు కాలతాయి.

జవాబు 2

రాజ్మా సంగతి. గింజ నీళ్లు పీల్చే వేగం నీటి వేడిని బట్టి ఉంటుంది. వేసవిలో 8 గంటలకు నానేది ఈ చలిలో 12 గంటలైనా తీసుకుంటుంది. శనివారం సాయంత్రం గోరువెచ్చటి నీళ్లలో వేయండి, గింజలకు నాలుగింతలు నీళ్లు. లీటరుకు రెండు టీస్పూన్ల ఉప్పు కూడా కలపండి. ఉప్పు వేస్తే గింజ ఉడకదని చాలామంది అంటారు కానీ జరిగేది దానికి ఎదురు. తొక్కను బిగించి ఉంచే కాల్షియం స్థానంలోకి ఉప్పులోని సోడియం చేరి తొక్క మెత్తబడుతుంది.

నానిందో లేదో పైకి చూస్తే తెలియదు. గింజ ఉబ్బినట్టే ఉంటుంది, లోపల పొడిగా ఉండొచ్చు. ఒకదాన్ని గోటితో రెండు బద్దలుగా విడదీయండి. లోపలి మొహం అంతా ఒకే రంగులో ఉండాలి. మధ్యలో తెల్లటి పొడి మచ్చ గానీ, గుంట గానీ కనిపిస్తే ఇంకా రెండు గంటలు ఉంచాలి.

టైమ్ లేకపోతే గింజల్ని రెండు నిమిషాలు మరగబెట్టి, దించి, మూతపెట్టి గంట ఉంచండి. రాత్రంతా నానినంత బాగా రాదు గానీ పని జరుగుతుంది.

నానబెట్టిన నీళ్లు పారబోయండి. పొడి గింజలు 500 గ్రాములైతే ఐదు లీటర్ల కుక్కర్‌కి అదే హద్దు. గింజలు, నీళ్లు కలిపి సగం దాటకూడదు, నురగ, తొక్కలు ఆవిరి గొట్టంలో ఇరుక్కుంటాయి. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి 15 నుంచి 20 నిమిషాలు. ప్రెషర్ దానంతటదే దిగాలి. బలవంతంగా వదిలితే తొక్కలు పగిలి పప్పంతా బయటికొస్తుంది. టమాటా, చింతపండు గింజ మెత్తబడ్డాకే. పులుపు తగిలిందంటే ఎంతసేపు ఉడికినా నమిలేటట్టే ఉంటుంది.

ఇవన్నీ సరిగ్గా చేసినా గట్టిగానే ఉంటే గింజలు బాగా పాతవైనా అయ్యుండాలి, నీళ్లు కాల్షియం ఎక్కువున్నవైనా అయ్యుండాలి. అప్పుడు పావు టీస్పూన్ వంటసోడా. అంతకన్నా వేస్తే సబ్బు రుచి తగులుతుంది.

ఉడికినవి కిలోకి పైగా వస్తాయి. బుధవారానికి సగం ఫ్రిజ్‌లో, వచ్చే వారానికి సగం ఫ్రీజర్‌లో. రెండింటినీ వాటి ఉడికిన నీళ్లలోనే ఉంచండి, లేకపోతే తొక్కలు ఎండి చిట్లుతాయి.

ప్రశ్న అడిగినవారు

చాలా ఉపయోగపడిందండీ. ఒక సందేహం. స్లో కుక్కర్ ఒకటి వాడకుండా పడి ఉంది. నానిన రాజ్మాను పొద్దున అందులో వేసి వెళ్లిపోతే సాయంత్రానికి సిద్ధంగా ఉంటుంది కదా?

జవాబు 2

వద్దండీ, రాజ్మాను మాత్రం అలా వండకండి. పచ్చి రాజ్మాలో ఫైటోహెమగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. కొద్ది గింజలు సరిగ్గా ఉడకకుండా తిన్నా కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. దాన్ని పోగొట్టాలంటే నీళ్లు తెర్లుతూ మరగాలి, కనీసం 10 నిమిషాలు. 30 నిమిషాలైతే మరీ మంచిది. స్లో కుక్కర్ లోపల చాలాసార్లు అంత వేడి రాదు, అరకొర వేడి తగిలిన గింజ పచ్చిదానికన్నా ప్రమాదం. అందులోనే వండాలనుకుంటే ముందు పొయ్యి మీద అరగంట మరిగించి, ఆ తర్వాత వేయండి. ప్రెషర్ కుక్కర్‌తో ఈ బెంగ లేదు.

జవాబు 3

గట్టు మీద ఉంచడం గురించి ఎవరూ చెప్పలేదు. దయచేసి అలా ఉంచకండి. సూక్ష్మజీవులు వేగంగా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల మధ్య. చలికాలపు వంటిల్లు 15 డిగ్రీలున్నా అది ఫ్రిజ్ కాదు. పైగా నిండు గిన్నె మధ్యభాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. పైన చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది, గరిట అడుక్కి దించి చూస్తే తెలుస్తుంది అసలు సంగతి.

దించిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. గిన్నెను సింక్‌లో చన్నీళ్లలో నిలబెట్టి గరిటతో తిప్పుతూ ఉండండి, ఐదారు నిమిషాలకోసారి నీళ్లు మార్చండి. తర్వాత రెండంగుళాల లోతుకు మించకుండా వెడల్పు డబ్బాల్లోకి సర్దండి. పూర్తిగా చల్లారేదాకా మూత బిగించకండి. ఫ్రిజ్ 4 డిగ్రీలకు మించకూడదు. వండినవి అందులో మూడు, మహా అయితే నాలుగు రోజులు. తిరిగి వేడిచేసేటప్పుడు అంచుల్లో బుడగలు చూసి దించేయకండి, మధ్యలో కూడా కుతకుత ఉడకాలి.

అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త. బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గది వేడిలో ఉండిపోతే అవి మొలిచి విషాన్ని తయారుచేస్తాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికి తినేయండి. ఆదివారం వండి బుధవారం తినడం కుదరదు. అన్నం ఎలాగూ 20 నిమిషాల్లో అయ్యే పని, దాన్ని ముందే వండటం వల్ల మిగిలేదేమీ లేదు. ఇంటికి రాగానే బియ్యం కడిగి పొయ్యి ఎక్కించి, తర్వాతే బట్టలు మార్చుకోవడానికి వెళ్లండి.

జవాబు 4

మసాలా ముద్ద విషయంలో జవాబు 1తో ఏకీభవిస్తాను, ఒక్కటి తప్ప. ఫ్రీజర్ చిన్నదన్నారు కాబట్టి డబ్బాలు వద్దు. జిప్ కవర్లో పోసి గాలి తీసి, వేలి మందాన పలకలా పరచి గడ్డకట్టించండి. తర్వాత నిలువుగా సర్దుకోవచ్చు. అంత పల్చటి పలక మూకుట్లో నేరుగా వేసినా ఐదారు నిమిషాల్లో కరుగుతుంది. డబ్బాలో గడ్డకట్టిన ముద్దను మాత్రం ముందు రాత్రే కింది అరలోకి దించాలి. కవరు మీద పేరు, తేదీ రాయండి. గడ్డకట్టాక ఏది ఏమిటో ఎవరికీ తెలియదు.

నీళ్లు విడిపోవడానికి ఇంకో కారణం చిక్కదనం కోసం కలిపే మొక్కజొన్న పిండి. గడ్డకట్టి కరిగాక అది పట్టుకున్న నీళ్లను వదిలేస్తుంది. పెరుగు కూడా విరిగిపోతుంది. ఈ రెండూ వేడిచేసే రోజునే కలపాలి. బంగాళాదుంప ముక్కలున్న కూరను ఫ్రీజర్‌లో పెట్టకండి, ముక్క స్పాంజిలా అయి నీళ్లు కారుతుంది. ఉడికిన గుడ్డు తెల్లసొన రబ్బరులా సాగుతుంది.

తరిగి పెట్టుకోవడంలోనూ అంతే. క్యారెట్, కాలీఫ్లవర్ మూడు నాలుగు రోజులు బాగానే ఉంటాయి, డబ్బా అడుగున పొడి బట్ట వేస్తే చాలు. అందుకే కాలీఫ్లవర్‌ను గురువారం నుంచి బుధవారానికి జరిపి, రాజ్మాను శుక్రవారానికి తీసుకెళ్దామని అనిపించవచ్చు. అలా చేస్తే రాజ్మా మొత్తం ఫ్రీజర్‌లోనే పెట్టాలి. ఆదివారం ఉడికినది ఫ్రిజ్‌లో శుక్రవారం దాకా ఆగదు.