ప్రైవేటు పార్కింగ్ స్థలంలో చక్రానికి తాళం వేసి జరిమానా అడిగే అధికారం ఎవరికి ఉంది? (కర్నూలు)

ప్రశ్న: హంద్రీ గట్టు

కర్నూలు ఎన్.ఆర్.పేటలో ఆసుపత్రుల నడుమ ఉన్న ఒక ఖాళీ స్థలాన్ని దాని యజమాని పార్కింగ్ కోసం కాంట్రాక్టుకు ఇచ్చారు. ఇటీవల మా అమ్మను వైద్య పరీక్షలకు తీసుకువెళ్లినప్పుడు, అక్కడి కుర్రవాళ్లు అడిగిన రుసుము చెల్లించి కారు నిలిపాను. పరీక్షల ఫలితాలు ఆలస్యమై మధ్యాహ్నం దాటాక తిరిగి వచ్చేసరికి ముందు చక్రానికి ఇనుప తాళం బిగించి ఉంది. సమయం మించిపోయింది కాబట్టి ఐదు వందలు జరిమానా కట్టాలని, అంతవరకు తాళం తీయబోమని చెప్పారు. సమయ పరిమితి రాసిన బోర్డు లోపలి గోడ మీద, నిలిపిన వాహనాల వెనుక ఉంది. రసీదు అడిగితే ఇవ్వలేదు. అమ్మ ఎండలో నిలబడే స్థితిలో లేకపోవడంతో డబ్బు ఇచ్చి వచ్చేశాను.

ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ వైపు నుంచే కాక గద్వాల, రాయచూరు నుంచి కూడా రోగులు ఈ ఆసుపత్రులకు వస్తారు. ఊరు తెలియనివాళ్లు, ప్రాణం మీద బెంగతో వచ్చినవాళ్లు ఇలాంటి చోట ఎదురు మాట్లాడలేరు. స్థలం వారిదే అయినంత మాత్రాన చక్రానికి తాళం వేసే హక్కు వారికి ఉంటుందా? ఇటువంటి స్థలాలను నియంత్రించే బాధ్యత నగరపాలక సంస్థకు లేదా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1: బురుజు నీడ

నేను న్యాయవాద వృత్తిలో ఉన్నాను. స్థల యజమాని రుసుము నిర్ణయించవచ్చు, చెల్లించనివారిని లోపలికి రానివ్వకపోవచ్చు, సమయం మించితే అదనపు రుసుము అడగవచ్చు. ఇదంతా ఒప్పందం కిందకు వస్తుంది. అయితే ఆ షరతు వాహనం నిలిపే ముందే మీకు కనబడి ఉండాలి. పైగా 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా, ఆ మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారం మాత్రమే రాబట్టుకోవచ్చు. కొద్ది గంటల ఆలస్యానికి ఐదు వందలు సమంజసమని ఏ న్యాయస్థానం ముందైనా నిరూపించడం కష్టం.

తాళం సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 127వ సెక్షన్ ప్రకారం, బహిరంగ స్థలంలో పది గంటలు లేదా అంతకు మించి వదిలేసిన వాహనాన్ని గానీ, నిలపకూడని చోట నిలిపిన వాహనాన్ని గానీ తొలగించడానికి, లేదా చక్రానికి తాళం వేసి కదలకుండా చేయడానికి అనుమతించవలసింది ఆ పరిధిలోని యూనిఫాం ధరించిన పోలీసు అధికారి. మీరు చెప్పిన స్థలం బహిరంగ స్థలం అనుకుంటే ఆ అధికారం పోలీసులది. కాదనుకుంటే ఆ సెక్షనే వర్తించదు, కాబట్టి కాంట్రాక్టరు దాని చాటున నిలబడలేరు. ఏ విధంగా చూసినా ఆ తాళానికి చట్టం అండ కనిపించదు.

బాకీ ఉంది కాబట్టి వస్తువును అట్టిపెట్టుకుంటామనే వాదన కూడా నిలవదు. కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ కింద అటువంటి హక్కు, బండి బాగుచేసిన మెకానిక్కులా ఆ వస్తువుపై శ్రమను, నైపుణ్యాన్ని వెచ్చించినవారికే ఉంటుంది. కారును ఒకచోట నిలబడనివ్వడం ఆ కోవలోకి రాదని నా అభిప్రాయం.

జవాబు 2: ప్లాను చూడండి

పురపాలక పట్టణ ప్రణాళిక విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. ఈ సమస్య మొదలయ్యేది ఆ ఖాళీ స్థలంలో కాదు, పక్కనున్న భవనాల సెల్లార్లలో. ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనలు (2017 మార్చి 28 నాటి జీవో 119) ప్రకారం ఆసుపత్రి అయినా, దుకాణాల సముదాయమైనా తన అవసరానికి తగిన పార్కింగును తన ఆవరణలోనే చూపించి ప్లాను ఆమోదం పొందాలి. ప్లానులో పార్కింగుగా చూపిన సెల్లారును తరువాత మందుల దుకాణానికో, స్కానింగు గదికో మార్చేస్తే, అక్కడ నిలవవలసిన వాహనాలన్నీ రోడ్డు మీదకో, మీరు చెప్పినటువంటి స్థలంలోకో వస్తాయి. రోగి ఉచితంగానో, నామమాత్రపు రుసుముతోనో పొందవలసిన సౌకర్యాన్ని పక్కింటి కాంట్రాక్టరు దగ్గర జరిమానాతో సహా కొనుక్కోవలసి వస్తోంది. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

నగరపాలక సంస్థకు ఇక్కడ స్పష్టమైన అధికారం ఉంది. మీరు వెళ్లిన ఆసుపత్రి భవనానికి ఆమోదించిన ప్లాను నకలును, అందులో పార్కింగుకు చూపిన విస్తీర్ణాన్ని సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్లానుకు, వాస్తవానికి తేడా కనబడితే ఆ నకలునే జతచేసి కమిషనరుకు ఫిర్యాదు ఇవ్వండి. కాగితం చేతిలో ఉన్న ఫిర్యాదును పక్కన పెట్టడం అధికారులకు అంత సులభం కాదు.

మాల్స్, మల్టీప్లెక్సుల పార్కింగు రుసుములపై తెలంగాణ ప్రభుత్వం 2018లోనే ఆదేశాలిచ్చింది. మన రాష్ట్రంలో 2025 ఏప్రిల్ 1 నుంచి అటువంటివే అమల్లోకి వచ్చాయి. మొదటి అరగంట ఉచితం. కానీ అవి మాల్స్‌ను దృష్టిలో పెట్టుకొని రాసినవి. ఖాళీ జాగాను అద్దెకు తీసుకొని నడిపే పార్కింగుకు లైసెన్సు, బోర్డు, రసీదు, గరిష్ఠ రుసుము నిర్ణయించే నిబంధనను పాలకవర్గం విడిగా తీర్మానించి ప్రభుత్వానికి పంపాలి.

జవాబు 3: దూరాన ఉన్న కర్నూలు బిడ్డ

ఉద్యోగరీత్యా ఇంగ్లండులో ఉంటున్నాను కాబట్టి ఇక్కడి అనుభవం చెబుతాను. ప్రైవేటు స్థలంలో చట్టబద్ధమైన అధికారం లేకుండా చక్రానికి తాళం వేయడాన్ని 2012 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండు, వేల్సులలో నేరంగా పరిగణిస్తున్నారు. అలాగని రుసుములు పోలేదు. రెండు గంటల ఉచిత సమయం దాటినందుకు 85 పౌండ్లు అడగడం చెల్లుతుందని 2015లో ఇక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయితే అక్కడ పెద్ద అక్షరాల బోర్డులు అందరికీ కనిపించేలా ఉన్నాయి. అంటే యజమానికి తన స్థలంపై హక్కు మిగిలింది, వాహనాన్ని బందీ చేసి బేరమాడే వీలు పోయింది. కర్నూలులో నిబంధన రాసేవారు ముందుగా తాళాన్ని నిషేధించి, తరువాత బోర్డు గురించి ఆలోచించాలని కోరుకుంటున్నాను.

జవాబు 4: బురుజు నీడ

ప్రశ్న అడిగినవారికి ఇంకొక్క మాట. డబ్బు చెల్లించి నిలిపారు కాబట్టి మీరు వినియోగదారులు. జిల్లా వినియోగదారుల కమిషనులో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. ఐదు లక్షల లోపు విలువకు దాఖలు రుసుము లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. తాళం వేసిన కారు ఫోటో ఉంటే భద్రపరచండి. ఇకముందు ఎవరికైనా ఇలా జరిగితే, డబ్బు ఇవ్వక ముందే 112కు ఫోన్ చేసి పోలీసులను అక్కడికి పిలవడం మంచిది.

ప్రశ్న అడిగినవారు: హంద్రీ గట్టు

అందరికీ కృతజ్ఞతలు. అమ్మ కూర్చోవడానికి చోటు వెతుకుతూనే చక్రం ఫోటో తీశాను, అది నా దగ్గర ఉంది. ప్లాను నకలు కోసం దరఖాస్తు రాస్తున్నాను. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ కూడా ఇస్తాను. ఎన్.ఆర్.పేట, గాయత్రి ఎస్టేట్ ప్రాంతాల్లో ఇదే ఇబ్బంది పడినవారు ఉంటే తేదీ, చెల్లించిన మొత్తం ఇక్కడ రాయండి. వాటిని కూడా అర్జీకి జతచేస్తాను.