తొమ్మిదో తరగతి పాపకి ఏ ఒలింపియాడ్ రాయించాలి? తెలిసినోళ్లు చెప్పండి

కావలి నాన్న
మా పాప తొమ్మిది చదవతా ఉంది, కావలి దగ్గర పల్లెటూరు, జెడ్పీ హైస్కూలు. లెక్కలన్నా కంప్యూటరన్నా బో ఇష్టం, ఇంట్లో కంప్యూటర్ లేదు, నా ఫోన్లోనే ఏదో కోడ్ రాసుకుంటా ఉంటది. మా తోడల్లుడి పిలకాయలు టౌన్లో చదవతారు, ఆ స్కూల్లో ఏటా ఒలింపియాడ్ అని ఫీజు కట్టించుకుంటారు, ఇద్దరికీ ప్రతిసారీ మెడల్సే, షోకేసు నిండిపోయింది. అవి చూసి మాది నాకెందుకు లేవు నాన్నా అంటది. అవి నిజంగా పనికొస్తాయా, ఇంకేమన్నా ఉండాయా?

ఒంగోలు ఫిజిక్స్ సార్
అన్నా, రాసినోళ్లందరికీ మెడల్ వస్తుందంటే అది ఏం పరీక్షో మీకే అర్థమై ఉంటది. ఆ ఫీజు డబ్బులు పుస్తకాలకి పెట్టండి.

అసలుది ఏదంటే, పదో తరగతి వరకు పిల్లలకి ఎన్‌ఎస్‌ఈజేఎస్ అని సైన్స్ పరీక్ష ఉంది, ఫిజిక్స్ టీచర్ల సంఘం ఐఏపీటీ వాళ్లు నవంబర్లో పెడతారు. ఫిజిక్స్ కెమిస్ట్రీ బయాలజీ మూడూ కలిపి వస్తాయి, తప్పు పెడితే మార్కులు పోతాయి, గుడ్డిగా టిక్కులు పెట్టకూడదు. అందులో పైకొచ్చినోళ్లకి ముంబైలో హోమీ భాభా సెంటర్ వాళ్లు తర్వాత రౌండ్లు, క్యాంపు పెట్టి, చివరికి దేశం మొత్తం మీద 6 మందిని ఇంటర్నేషనల్ జూనియర్ సైన్స్ ఒలింపియాడ్‌కి పంపుతారు. వయసు రూల్ కూడా ఉంటది, పాప పుట్టినతేదీ చూసుకోండి ముందు.

చెన్నైలో నెల్లూరోడు
కంప్యూటర్ ఇష్టమంటున్నారు కదా, జోనల్ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ రాయించండి అన్నా. కంప్యూటర్ సైన్స్ పరిశోధకుల సంఘం ఐఏఆర్‌సీఎస్ వాళ్లది. పేరు చూసి భయపడతారు గానీ ఆ మొదటి రౌండుకి కంప్యూటరే అక్కర్లా, పేపరూ పెన్నే. (కోడ్ రాసే పరీక్ష జోనల్ కంప్యూటింగ్ అని వేరే ఉంది, రెండిట్లో ఏది పాసైనా జాతీయ రౌండుకి పోవచ్చు. అంతర్జాతీయ పోటీకి పోయేది మాత్రం 4 మందే.)

ఎట్టాంటి లెక్కలంటే, 4 అడ్డం 4 నిలువు గళ్లు గీయమనండి. ఎడం పక్క పై మూల నుంచి కుడి పక్క కింది మూలకి పోవాలి, కుడికో కిందికో మాత్రమే జరగాలి, ఎన్ని దారులు? ఒక్కో దారీ గీసుకుంటా కూర్చుంటే తెల్లారిపోద్ది. పై వరసలో అన్నిట్లో 1, ఎడం వరసలో అన్నిట్లో 1 రాసి, మిగతా ప్రతి గడిలో దాని పైదీ ఎడందీ కూడి రాసుకుంటా పోతే చివరి గడిలో 20 వస్తది. ఇప్పుడు రెండో వరస రెండో గడి మూసేసినాం అనుకో, అక్కడ 0 రాసి మళ్లా కూడితే 8. అంతే, దీన్నే తర్వాత డైనమిక్ ప్రోగ్రామింగ్ అంటారు. పాత పేపర్లు వాళ్ల సైట్లో ఫ్రీగా ఉండాయి.

సాగర్ 78
ఇవన్నీ టైం వేస్ట్ బ్రదర్. ఐఐటీ ఫౌండేషన్లో చేర్చండి, రేపు ర్యాంకే అడుగుతారు గానీ ఒలింపియాడ్ ఎవడడుగుతాడు.

ఒంగోలు ఫిజిక్స్ సార్
సాగర్ గారూ, ఆ పాప ఫోన్లో కోడ్ రాసుకుంటోంది అండీ, దాన్ని తీసకపోయి ఫౌండేషన్ షీట్ల కింద పడేయమంటారా?

కావలి నాన్న గారూ, ఇంకో రెండు. పిల్లల సైన్స్ ఐడియాలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డు ఉంది, స్కూలు తరపున 5 ఐడియాలు పంపొచ్చు, సెలెక్టయితే 10,000 రూపాయలు పిల్లల అకౌంట్లోకే పడతాయి. మీ ఏరియాలో రొయ్యల గుంటలు ఉంటాయి కదా, తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలతాయి, సరిగ్గా అప్పుడే కరెంటు పోయి ఏరియేటర్ (నీళ్లలోకి గాలి ఎక్కించే మిషన్) ఆగితే రైతు పని అయిపోయినట్టే. దాని మీద అలారం లాంటిది ఆలోచించమనండి, థర్మాకోల్ అగ్నిపర్వతం మాత్రం వద్దు ప్లీజ్, చూసి చూసి విసుగొచ్చింది.

రెండోది ఇస్రో వాళ్ల యువికా అనే సైన్స్ క్యాంపు, 2019లో మొదలైంది, తొమ్మిదో తరగతోళ్లకే. పల్లెటూరి స్కూలు పిల్లలకి సెలెక్షన్లో వెయిటేజీ ఉంది, ఎనిమిదిలో మార్కులు, సైన్స్ ఫెయిర్, ఒలింపియాడ్ అన్నీ చూస్తారు. ప్రయాణం, భోజనం, బస వాళ్లదే ఖర్చు. క్యాంపు పెట్టే చోట్లలో మన శ్రీహరికోట కూడా ఉంది. వచ్చే ఏడు పదికి వెళ్లిపోతే ఛాన్స్ లేదు, ఈ ఏడే అప్లై చేయాలి.

కావలి నాన్న
సార్ బో థ్యాంక్స్. మా స్కూల్లో ఆ నవంబర్ పరీక్ష సెంటర్ ఉండదు కదా, మరెట్టా?

ఒంగోలు ఫిజిక్స్ సార్
మీ స్కూలే సెంటర్ కానక్కర్లేదు, ఆన్‌లైన్లో పేరు నమోదు చేసి దగ్గర్లో ఉన్న సెంటర్ ఎంచుకోండి. ఇన్‌స్పైర్‌కి మాత్రం స్కూలు లాగిన్ నుంచే పంపాలి, అందుకని హెడ్‌మాస్టర్ గారిని ముందే కలవండి, లాస్ట్ డేట్ దాకా ఆగితే సర్వర్ పనిచేయదు.