శాన్ ఆంటోనియోలో హిస్పానిక్ కుటుంబాలకు దుఃఖంలో తోడుండే ఉద్యోగం: ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఈమధ్యే అమెరికాలోని శాన్ ఆంటోనియో వచ్చాను. పోయినేడు గుంటూరులో మా తమ్ముడు యాక్సిడెంట్‌లో పోయాడు. ఇక్కడ మా పక్కింటి మెక్సికన్ కుటుంబానికీ అలాంటి కష్టమే వచ్చింది. వాళ్ల దగ్గర కూర్చున్నప్పటి నుంచి ఇలాంటి పనే చేయాలనిపిస్తోంది. నాది మూడేళ్ల బీకామ్. దారి ఉంటే చెప్పండి.

జవాబు 1:
చెల్లీ, తమ్ముడి సంగతి చదివి మనసు కలుక్కుమంది. మా ఆయన పోయాకే నేనూ ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు ఇక్కడే ఒక హాస్పిస్‌లో బిరీవ్‌మెంట్ కోఆర్డినేటర్‌ని, అంటే మనిషి పోయిన కుటుంబాలకు ఓదార్పు సేవలు చూసుకుంటాను. హాస్పిస్‌లంటే చివరి దశలో ఉన్నవాళ్లను ఎక్కువగా ఇంటి దగ్గరే చూసుకునే సంస్థలు. మెడికేర్ (ముఖ్యంగా పెద్దవయసువాళ్లకి ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) రూల్ ప్రకారం పేషెంట్ పోయాక ఏడాది వరకూ ఆ కుటుంబానికి ఓదార్పు సేవలు అందించాలి. పేషెంట్ కేర్ గంటల్లో కనీసం 5 శాతం వాలంటీర్లతో చేయించాలి కూడా. కాబట్టి వాలంటీర్లు ఎప్పుడూ కావాలి, ట్రైనింగ్ వాళ్లే ఇస్తారు. మొదలు అక్కడ పెట్టు.

సొంతవాళ్లు పోయి ఏడాదైనా కాకపోతే చాలాచోట్ల ఆగమంటారు. నొచ్చుకోకు. దుఃఖంలో ఉన్నవాళ్లింట్లో నీ ఏడుపు ఆగకపోతే, వాళ్లే నిన్ను ఓదార్చాల్సి వస్తుంది. తమ్ముడి కథ నీకు ఓపికనివ్వాలి గానీ, అడగనిదే అక్కడ చెప్పకు.

స్పానిష్ ఈరోజే మొదలుపెట్టు. ఒకింట్లో ఆరో క్లాసు పిల్ల, స్కూల్ బ్యాగు ఇంకా భుజానే ఉంది, నాన్నకి ఇక కొద్దిరోజులేనని నర్సు చెప్పే మాటను అమ్మకి స్పానిష్‌లో చెప్పడానికి నిలబడింది. మాట అక్కడే ఆపించి, ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టించి, పాపని వాళ్ల పిన్ని దగ్గరికి పంపాను. ఎమర్జెన్సీ అయితే తప్ప చిన్నపిల్లలతో అలా చెప్పించకూడదని ఫెడరల్ నిబంధనే ఉంది. అయినా ఇళ్లలో జరుగుతూనే ఉంటుంది. భాష వచ్చిన మనిషి ఎదురుగా ఉంటే ఆ ఇంటికి ఎంత ధైర్యమో!

కాథలిక్ ఇళ్లలో చాలామంది అంత్యక్రియల తర్వాత తొమ్మిది రోజులు రోజరీ (జపమాల) ప్రార్థన పెట్టుకుంటారు, నొవెనారియో అంటారు. పిలిస్తే వెళ్లు. కాఫీ, పాన్ దుల్సే (తియ్యటి బన్ను) ఇస్తే వద్దనకు. పోయినవాళ్ల పేరు ఎత్తడానికి జంకకు, వాళ్లకి అదే కావాలి. నవంబరు 1, 2 తేదీల్లో ఫోటో, బంతిపూలు, పోయినవాళ్లకి ఇష్టమైన తిండితో ఒఫ్రెందా అనే పీఠం పెడతారు, మనం తద్దినం నాడు వాళ్లకి ఇష్టమైనవి వండినట్టే. కానీ అందరూ ఒకటి కాదు. ఎవాంజెలికల్ (ప్రొటెస్టెంట్) కుటుంబాల్లో చాలామంది ఒఫ్రెందా పెట్టరు. హోండురాస్ వాళ్ల అలవాట్లు వేరు, ప్యూర్టోరికో వాళ్లవి వేరు. ముందు అడుగు, తర్వాతే ఏదైనా.

ఇంకోటి. ఓదార్పు కంటే ముందు కాగితాల టెన్షన్ ఉంటుంది. శవాన్ని మెక్సికోకి పంపాలంటే వాళ్ల కాన్సులేట్ సాయం చేస్తుంది. శాన్ ఆంటోనియోలోనే ఉంది. ఆ సంగతి తెలియక అప్పులు చేసేవాళ్లని చూశాను, కడుపు తరుక్కుపోతుంది.

జవాబు 2:
అక్క చెప్పినవి అక్షరాలా నిజం. వీసా గురించి నేను చెప్తానమ్మా. ఈఏడీ (పని చేయడానికి అనుమతి కార్డు) లేకుండా హెచ్-4 మీద జీతం తీసుకోకూడదు. చదువుకోవచ్చు. కౌన్సెలింగ్ వైపు వెళ్లాలంటే ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో మాస్టర్స్) మంచి దారి. టెక్సస్‌లో దాని తర్వాత క్లినికల్ లైసెన్స్‌కి కనీసం రెండేళ్ల పాటు, మొత్తం 3,000 గంటలు సూపర్‌విజన్‌లో పనిచేయాలి. అంత చదువు వద్దనుకుంటే, స్పానిష్ బాగా పట్టుబడ్డాక మెడికల్ ఇంటర్‌ప్రెటర్ సర్టిఫికెట్ చూడు.

మూడేళ్ల డిగ్రీని కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు. అప్లై చేసేముందే అడ్మిషన్స్ వాళ్లకి మెయిల్ పెట్టి అడుగు. ట్రాన్స్‌క్రిప్ట్స్ కోసం నాన్నగారిని ఇప్పుడే నువ్వు బీకామ్ చదివిన యూనివర్సిటీకి పంపించు, అక్కడ ఎంత ఆలస్యం చేస్తారో తెలుసుగా.