అంత వెడల్పు కాలువలో ఓడ అడ్డం ఎలా తిరిగింది?

గోదావరి_కుర్రాడు:
2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే కంటైనర్ ఓడ సూయజ్ కాలువలో అడ్డం తిరిగి ఆరు రోజులు దారి మూసేసింది కదా. ఓడ వెడల్పు 59 మీటర్లు, కాలువ అంతకు ఎన్నో రెట్లు. కాలువలో దారి చూపే పైలట్లూ ఎక్కే ఉన్నారు. గాలి వల్లే అంటే నమ్మబుద్ధి కావట్లేదు. ఓడల్లో చేసినవాళ్లు చెప్పండన్నా.

వైజాగ్_సీమన్:
తమ్ముడూ, సూయజ్‌లో నేను వీల్ పట్టింది 225 మీటర్ల బల్క్ క్యారియర్ (బొగ్గు, ధాన్యం లాంటి విడి సరుకు మోసే ఓడ) మీద. ఎవర్ గివెన్ 400 మీటర్లు.

పైకి కనిపించే నీళ్లన్నీ ఓడకు పనికిరావు. ఒడ్డు ఏటవాలుగా దిగుతుంది, లోతంతా నడుమే. ఓడ కదిలితే ముందున్న నీరు పక్కల నుంచి వెనక్కి పరుగెత్తాలి. ఒక ఒడ్డుకు దగ్గరైతే ఆ సందులో నీటికి జోరెక్కి, ఒత్తిడి పడిపోతుంది. వెనక భాగాన్ని ఒడ్డు లాక్కుంటుంది, ముక్కు అవతలి ఒడ్డు వైపు తిరుగుతుంది. హైవేలో లారీ దాటేటప్పుడు మన బండిని లాగుతుంది చూడు, అలాగన్నమాట.

మొదటిసారి కుడి ఒడ్డుకు దగ్గరయ్యాం. అక్కడి రాళ్ల మీద నీరు దిగిపోవడం బ్రిడ్జి (ఓడను నడిపే గది) నుంచే కనిపిస్తోంది. పైలట్ 'స్టార్‌బోర్డ్ టెన్' అన్నాడు, అంటే చుక్కాని కుడికి పది డిగ్రీలు. ఒడ్డు వైపే తిప్పమంటాడేంట్రా అని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆర్డర్ తిరిగి చెప్పి తిప్పాను. చుక్కాని ముల్లు పది మీద ఉంది, ఓడ మాత్రం తిన్నగా పోతోంది! నీరు ముక్కును అవతలి ఒడ్డు వైపు తోస్తుంటే మనం ఇటు తిప్పి పట్టుకోవాలి, అంతే. ఏసీ బ్రిడ్జిలో చొక్కా తడిసిపోయింది.

గాలి తోడైతే ఇంకా టెన్షన్. కంటైనర్ల గుట్ట తెరచాపలా గాలి పట్టేస్తుంది. చుక్కానికి పట్టు దొరకాలంటే వేగం కావాలి. వేగం పెంచితే ఒడ్డు లాగుడు పెరుగుతుంది, ఓడ అడుగు ఇంకా కిందికి దిగుతుంది.

గోదావరి_కుర్రాడు:
మరి పైలట్ ఉంటే కెప్టెన్‌కి పనేముంది?

వైజాగ్_సీమన్:
సూయజ్‌లో పైలట్ సలహా ఇస్తాడు, బాధ్యత కెప్టెన్‌దే. దారి మధ్యలో ఇస్మాయిలియా దగ్గర పైలట్ మారతాడు, మా కెప్టెన్ మాత్రం టీ కూడా నిలబడే తాగాడు.

పాత_మేట్:
పనామా కాలువలో అలా కాదు, ఓడ నడపడంలో పైలట్ మాటే చెల్లుతుంది. అక్కడి పాత లాకుల (ఓడను ఎత్తి దించే నీటి గదుల) వెడల్పు 33.5 మీటర్లు, మా ఓడ 32.2. పక్కకు రెండడుగుల చిల్లర. గోడల మీద 'మ్యూల్స్' అనే రైలింజన్లు తీగలతో ఓడను నడుమ పట్టి ఉంచుతాయి. లోపలి నీరు బయటికి పోవడానికి చోటుండదు, ఇంజన్ తిరుగుతున్నా ఓడ మొరాయిస్తుంది. రెయిలింగ్ దగ్గర నిలబడితే గోడ మీద నాచు వాసన వచ్చేది.