'డౌన్‌వర్డ్ డిపార్చర్'కు తెలుగేమిటి?

ప్రశ్న: న్యూయార్క్ రాష్ట్రపు లైంగిక నేరస్థుల నమోదు చట్టం మీద ఒక అనువాదం సరిచూస్తున్నాను. 'డౌన్‌వర్డ్ డిపార్చర్'ని "శిక్ష సడలింపు" అనీ, 'ప్రిజంప్టివ్ లెవెల్'ని "ఊహాత్మక స్థాయి" అనీ రాశారు. ఎక్కడో తేడా కొడుతోంది.

జవాబు: రెండూ కుదరవండీ. మొదటిది మరీ ప్రమాదం. నేరస్థుడి వల్ల మళ్లీ ఎంత ముప్పుందో చూసి స్థాయి తేల్చే ఈ విచారణను అక్కడ సివిల్ వ్యవహారంగా చూస్తారు, శిక్ష తగ్గడం పెరగడం ఉండదు. ఇక "ఊహాత్మకం" అంటే లేనిది ఉన్నట్టు అనుకోవడం. ఇక్కడ ఊహ కాదు, కూడిక! 15 అంశాలకు పాయింట్లు వేస్తారు: 70 దాకా ఒకటో స్థాయి, 75 నుంచి 105 దాకా రెండు, 110 నుంచి మూడు. "లెక్క ప్రకారం వచ్చే స్థాయి" అంటే సరిపోతుంది.

ఇంకో జవాబు: అయితే డౌన్‌వర్డ్ డిపార్చర్, అంటే పాయింట్లు చెప్పినదానికన్నా కింది స్థాయిని జడ్జి ఇవ్వడం, "లెక్క దాటి తగ్గింపు". వట్టి "తగ్గింపు" అనకండి. తర్వాత ఎప్పుడో స్థాయి మార్చమని ఏడాదికోసారి పెట్టుకోగలిగే అర్జీ వేరే ఉంది, రెండూ కలిసిపోతాయి.

ప్రశ్న: రుజువు భారం కూడా వేరా?

జవాబు: వేరే. అనువాదాలు బోల్తాపడేది అక్కడే. పాయింట్లను ప్రాసిక్యూషన్ "స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యం"తో నిరూపించాలి. "నిస్సందేహంగా" అని రాస్తే అది క్రిమినల్ కేసు కొలత అయిపోతుంది. లెక్క దాటి తగ్గించమని అడిగేవాడికి, 2014లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం చెప్పిన ప్రకారం, త్రాసు కాస్త అతనివైపు మొగ్గితే చాలు. "సాక్ష్యం మొగ్గు" అనొచ్చు. అదే వ్యక్తి తర్వాత స్థాయి మార్పు అర్జీ పెడితే మాత్రం "స్పష్టమైన, నమ్మదగిన" కొలతే, భారమూ అతనిదే.

అయితే మొగ్గు చూపగానే స్థాయి దిగదు. చూపే కారణం పాయింట్ల పట్టిక సరిగా పట్టించుకోనిదై ఉండాలి. జైల్లో బుద్ధిగా ఉన్నాడంటే మామూలుగా నిలవదు, అది పదమూడో అంశంలో ఉండనే ఉంది. చికిత్సకు వెళ్లాడన్నా అంతే, ఫలితం అసాధారణమని చూపాలి. అవన్నీ దాటాక కూడా చివరి మాట జడ్జి విచక్షణదే. అందుకే "తగ్గించవచ్చు" అనే రాయండి, "తగ్గిస్తారు" అనొద్దు.

ఇంకో జవాబు: ఒక చిన్న మాట. మన చెవికి "మూడో స్థాయి" అంటే నాసిరకం, చిన్నది అని వినిపిస్తుంది. అక్కడ ముప్పు అన్నిటికన్నా ఎక్కువ అదే. తొలిసారి వాడినచోట "మూడో స్థాయి, అంటే అత్యధిక ముప్పు" అని విప్పి రాయండి.