ఇంగ్లండ్ స్కూల్లో కొత్త టీచర్‌ని, ఏ ఏఐ టూల్ తీసుకోవాలి?

ప్రశ్న (కొత్త సభ్యురాలు):
అందరికీ నమస్కారం. సెప్టెంబరులో ఇక్కడ ఒక సెకండరీ స్కూల్లో సైన్స్ టీచరుగా చేరాను. ఇండియాలో చాలా ఏళ్లు చెప్పాను కాబట్టి పాఠం గురించి బెంగ లేదు. కానీ స్లైడ్లు, వర్క్‌షీట్లు, మార్కింగ్, పేరెంట్స్‌కి ఈమెయిళ్లు అన్నీ అయ్యేసరికి రాత్రి పదకొండు దాటుతోంది. స్టాఫ్‌రూంలో ఒక్కొక్కరు ఒక్కో ఏఐ టూల్ పేరు చెబుతున్నారు. డబ్బు కట్టి తీసుకోవాలా? ఏది మంచిది?

జవాబు (ఫిజిక్స్ టీచర్, ఇక్కడ తొమ్మిదో ఏడు):
అమ్మా, ముందు డబ్బు మాత్రం కట్టకండి. ఏ టూల్ అన్నది తర్వాత చూద్దాం. ఒక వారం పాటు ఏ పనికి ఎంతసేపు పడుతోందో కాగితం మీద రాసుకోండి. నా టైమంతా మార్కింగే తినేస్తోందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. తీరా రాసి చూస్తే, ఒకే పాఠ్యభాగాన్ని మూడు స్థాయిల పిల్లలకు మూడు రకాలుగా తిరగరాయడానికే ఎక్కువ పోతోంది. ఈ పని ఏఐ బాగా చేస్తుంది. పేరా ఇచ్చి, ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న ఇయర్ 8 (పన్నెండు, పదమూడేళ్ల) పిల్లలకు చిన్న వాక్యాల్లో రాయమనండి, సైన్స్ పదాలు మాత్రం మార్చొద్దని చెప్పండి. ఆ చివరి మాట మరిచిపోతే పదాల్ని కూడా పలచన చేసేస్తుంది.

లెసన్ ప్లాన్లకైతే ఐలా అనే ఏఐ టూల్‌తో మొదలుపెట్టండి, టీచర్లకు ఆన్‌లైన్లో పాఠాలు అందించే ఓక్ నేషనల్ అకాడమీ వాళ్లది. 2024 సెప్టెంబరులో వచ్చింది, ఉచితం. ఇక్కడి నేషనల్ కరికులంను దృష్టిలో పెట్టుకుని తయారుచేసింది కాబట్టి మీలాగా కొత్తగా వచ్చినవాళ్లకు అదొక అదనపు లాభం. మామూలు చాట్‌బాట్‌ని ఏమీ చెప్పకుండా అడిగితే అమెరికా గ్రేడ్లు, అమెరికా స్పెల్లింగులు వచ్చి పడతాయి. కీ స్టేజ్ (కొన్ని తరగతులు కలిపిన దశ), ఇయర్ (తరగతి), మీ స్కూలు తీసుకున్న ఎగ్జామ్ బోర్డు (సిలబస్ ఇచ్చి పరీక్ష పెట్టే సంస్థ), ఈ మూడూ ప్రతిసారీ రాయాలి. ఒకసారి నేను బోర్డు పేరు రాయకుండా జీసీఎస్ఈ (పదహారేళ్లకు రాసే బోర్డు పరీక్ష) రివిజన్ షీట్ తయారు చేయించాను. చూడటానికి ముచ్చటగా ఉంది. సగం పీరియడ్ అయ్యాక ఒక అమ్మాయి చెయ్యెత్తి, ‘సార్, ఈ ప్రాక్టికల్ మనకి లేదు కదా’ అంది. ఆ రోజు నుంచి ఆన్సర్ కీ కూడా నేనే చేసి చూసుకుంటున్నాను.

టూల్‌ని పరీక్షించడానికి మీకు బాగా వచ్చిన పాఠమే ఇవ్వండి. రాని పాఠం ఇస్తే అది చెప్పిందల్లా నిజమే అనిపిస్తుంది.

ఎంత కలిసొస్తుందన్నదానికి లెక్క కూడా ఉంది. ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ అనే విద్యా పరిశోధన సంస్థ ఇంగ్లండ్‌లోని 68 స్కూళ్లలో 259 మంది సైన్స్ టీచర్లతో ఒక ప్రయోగం చేయించింది. ఇయర్ 7, 8 పాఠాల ప్లానింగ్‌కి ఒక గైడ్‌తో పాటు చాట్‌జీపీటీ వాడినవాళ్లకు వారానికి సుమారు 25 నిమిషాలు మిగిలాయి, అంటే ప్లానింగ్ టైములో 31 శాతం. 2024 డిసెంబరులో ఫలితాలు వచ్చాయి. వారానికి పది గంటలు మిగులుతాయని ప్రకటన కనిపిస్తే ఈ 25 నిమిషాలు గుర్తు తెచ్చుకోండి.

జవాబు (స్కూల్ ట్రస్టులో డేటా ప్రొటెక్షన్ చూసే సభ్యురాలు):
నేను టీచర్‌ని కాదు, తప్పులు జరిగాక ఫోన్లు వచ్చేది మాకు. పిల్లల పేర్లు, మార్కులు, ఆరోగ్య విషయాలు, ప్రత్యేక అవసరాల వివరాలు సొంత అకౌంటులో ఉన్న ఏఐలో పెట్టొద్దు. పేరు తీసేశాం కదా అంటారు. కానీ ‘ఇయర్ 9లో ఈ జబ్బు ఉన్న ఏకైక అబ్బాయి’ అని రాస్తే పేరు అక్కర్లేదు కదా. పిల్లలు రాసిన వ్యాసాలు కూడా వాళ్ల సొంత రచనలే. అనుమతి లేకుండా ఏఐ మోడల్ ట్రైనింగ్‌కి వెళ్లకూడదని విద్యాశాఖ చెబుతోంది.

స్కూల్ లాగిన్‌తో మైక్రోసాఫ్ట్ కోపైలట్ గానీ గూగుల్ జెమిని గానీ మీకు ఇప్పటికే ఉండొచ్చు. ఐటీ వాళ్లని అడగండి. అనుమతించిన టూల్స్ లిస్ట్ ఉందా, ఏఐ పాలసీ ఎక్కడుంది అని రెండు లైన్ల ఈమెయిల్ పెడితే చాలు. కొత్తగా వచ్చి ఇవన్నీ అడిగితే ఏమనుకుంటారోనని మనవాళ్లు మొహమాటపడతారు. ఇక్కడ అడగడమే మర్యాద.

జవాబు (ఇంగ్లిష్ టీచర్):
పైన మాస్టారు మార్కింగ్ సంగతి తేలిగ్గా వదిలేశారు. నాకు మాత్రం నిజంగానే మార్కింగే భారం. క్లాసులో పెట్టే చిన్న క్విజ్‌లకు ఏఐ సాయం తీసుకుంటాను. పరీక్ష కిందికొచ్చే కోర్స్‌వర్క్ జోలికి మాత్రం తీసుకెళ్లను. అక్కడ ఏఐ ఒక్కటే మార్కులు వేయడానికి వీల్లేదని ఎగ్జామ్ బోర్డుల ఉమ్మడి సంస్థ జేసీక్యూ నిబంధన. టీచరు చదివి నిర్ణయించాల్సిందే.

ఇంకోటి, పిల్లలు ఏఐతో రాశారా అని పట్టుకునే డిటెక్టర్లను నమ్మకండి. ఓపెన్ఏఐ తన డిటెక్టర్‌ని సరిగ్గా పనిచేయక 2023 జూలైలో తనే ఆపేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు టోఫెల్ (ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసే పరీక్ష) రాసినవాళ్ల వ్యాసాలను అలాంటి టూల్స్‌కి ఇస్తే, మనుషులు రాసినవాటిలో సగానికి పైగా ఏఐ రాసినవని తేల్చాయి. ఇంగ్లిష్ తర్వాత నేర్చుకున్న మనమూ, మన క్లాసులో అలాంటి పిల్లలూ ముందు బలయ్యేది ఇక్కడే.

ప్రశ్న (కొత్త సభ్యురాలు):
అందరికీ చాలా థ్యాంక్సండీ. ఐటీ వాళ్లని అడిగాను, స్కూల్ లాగిన్‌లో కోపైలట్ ఉందట, నాకే తెలీదు. వచ్చే నెల రిపోర్టు కామెంట్లు రాయాలి, 140 మందికి. దానికి వాడొచ్చా?

జవాబు (ఫిజిక్స్ టీచర్):
స్కూల్ పాలసీ ఒప్పుకుంటే వాడొచ్చు, కానీ ఒక్కో పిల్లాడి వివరాలు ఇచ్చి కాదు. ‘లెక్కలు బాగా చేస్తాడు, ప్రాక్టికల్ రాతలో వెనకబడ్డాడు’ లాంటి పది పన్నెండు రకాలకు వాక్యాలు రాయించుకోండి. పేరు, ఆ పిల్లాడికి మాత్రమే సరిపోయే ఒక్క మాట మీరు చేర్చండి. ‘హీ’, ‘షీ’ సరిచూసుకోండి. పోయిన ఏడాది నేను ఇద్దరికి తారుమారు చేశాను, పేరెంట్స్ మీటింగులో ముఖం చెల్లలేదు.